తోక మనిషి

మా అమ్మమ్మ ఎవరి వెనకా నడిచే రకం కాదు. పెళ్ళి ఫోటోలో కూడా తాత అరడుగు వెనకే ఉంటాడు. కెమెరా పట్టుకున్నాయన “అమ్మాయ్, కాస్త వెనక్కి” అని ఎంత మొత్తుకున్నా ఆవిడ జరగలేదట. చివరికి తాతే జరిగాడు. బస్సెక్కాలన్నా ఆవిడే ముందు, క్యూలో నిలబడాలన్నా ఆవిడే ముందు, ఇంట్లో తగువు మొదలెట్టాలన్నా ఆవిడే ముందు. అలాంటి మనిషికి ముందు నడవడమే పనిగా ఉన్న ఉద్యోగం దొరికింది. సీతాకోకచిలుకల్ని చూడ్డానికి వచ్చేవాళ్ళని కొండ మీదికి తీసుకెళ్ళే గైడు ఆవిడ.

వింటే ఇదీ ఒక పనేనా అనిపిస్తుంది. ఎండ కాసే రోజుల్లో పట్నాల నుంచి జనం దిగుతారు. మెడలో బైనాక్యులర్లు, నెత్తిన టోపీలు, కాళ్ళకి ఇంకా కరుస్తున్న కొత్త బూట్లు. రోడ్డు ఆగిపోయే చోట మా రేకుల ఇల్లు ఉంది. పై గదులు వచ్చినవాళ్ళకి, కింద వంటగది మా పిన్ని రాజ్యం. పొద్దున్నే టీ తాగి అందరూ అమ్మమ్మ వెనక వరసగా బయల్దేరతారు. మొదట్లో అందరూ మాట్లాడతారు. సగం కొండ ఎక్కాక ఎవరి ఊపిరి వాళ్ళు చూసుకుంటారు. అమ్మమ్మ ఒక్కర్తే ఎక్కుతూ కూడా మాట్లాడుతుంది.

“అదుగో, ఆ కొమ్మ కింద. అది ఎండుటాకు కాదు బాబూ, రెక్కలు ముడుచుకున్న సీతాకోకచిలక. నువ్వు దాన్ని ఇప్పుడు చూశావు. అది నిన్ను ఎప్పట్నుంచో చూస్తోంది” అంటుంది. ఆ చివరి ముక్క వచ్చిన ప్రతి బ్యాచికీ చెబుతుంది. ప్రతి బ్యాచిలోనూ ఒకరైనా మెడ వెనక తడుముకుంటారు. అది చూసి ఆవిడకి లోలోపల సంబరం.

కొండ మీద ఒక పచ్చిక బయలు ఉంది. అమ్మమ్మ అసలు ఆట అక్కడ. సీతాకోకచిలుకలు పువ్వుల మీదే బతుకుతాయని బళ్ళో చదువుకున్నవాళ్ళకి ఆ ఆట ఓ పట్టాన మింగుడుపడదు. వాటికి ఉప్పు కావాలి. అందుకోసం బురద మీద వాలతాయి, పేడ మీద వాలతాయి, చచ్చిన ఎలక దొరికితే దాన్నీ వదలవు. మనిషి చెమటంటే మరీ ప్రాణం. అందుకే కొండెక్కేటప్పుడు అమ్మమ్మ తన బట్టల మీద తాత పాత చొక్కా ఒకటి తొడుక్కుంటుంది. పైకి చేరేసరికి అది పిండితే కారేలా తడిసిపోతుంది. దాన్ని విప్పి, మనిషి చేతులు చాచినట్టుగా ఒక పొద మీద పరుస్తుంది.

ముందు ఒకటి వస్తుంది. తర్వాత నాలుగు. కాసేపటికి గుడ్డ కనబడదు. కాలరు నుంచి అంచు దాకా నీలం, పసుపు, నలుపు రెక్కలే. అవన్నీ కలిసి మెల్లగా తెరుచుకుంటూ, మెల్లగా మూసుకుంటూ ఉంటే, లోపల ఎవరో ఉండి ఊపిరి తీస్తున్నట్టు ఆ చొక్కా పైకి లేచి కిందికి దిగుతుంది.

చూసినవాళ్ళు “అబ్బ” అంటారు. ఒకసారి ఒకావిడ ఏడ్చేసింది.

పిన్నికి ఆ చొక్కా అంటే పడదు. “అమ్మా, దాన్నిక పారెయ్యవే. వేరే చొక్కాకి చెమట అంటదా?”

“అంటుంది. కానీ వేరేదాని మీదికి ఇన్ని రావు.”

“నీకెవరు చెప్పారు?”

“అవే చెప్పాయి. నువ్వెళ్ళి పొయ్యి చూసుకో, పాలు పొంగుతున్నాయి.”

పాలు నిజంగానే పొంగుతూ ఉండేవి. పిన్నికి ఒళ్ళు మండేది అందుకే.

ఇక తోక సంగతి. కొండ దారిలో చాలా చోట్ల ఇద్దరు పక్కపక్కన నడవలేరు. పచ్చిక బయలుకి కాస్త కింద రాతి మలుపని ఒకటుంది, అక్కడ మరీ ఘోరం. ఒక పక్క నిలువు రాతి గోడ, ఇంకో పక్క ఏమీ లేదు. మధ్యలో మనిషి భుజాల వెడల్పున మట్టి దారి. మంచు దిగిందంటే ముందున్నవాళ్ళ వీపు కూడా కనబడదు. అందుకని ఆ కొండ గైడులు ఒక పద్ధతి పెట్టుకున్నారు. వరసలో ఆఖరి మనిషిని తోక అంటారు. ముందు నడిచేవాళ్ళు కాసేపటికోసారి “తోకా!” అని కేకేస్తారు. ఆఖరి మనిషి “ఉన్నా!” అనాలి. మధ్యవాళ్ళు నోరెత్తకూడదు. తోక పలికిందంటే మధ్యలో అందరూ ఉన్నట్టే. పలకలేదంటే వరసంతా ఉన్నచోటే నిలబడిపోవాలి, తోక దొరికేదాకా అడుగు కదలకూడదు. తోక వెనక ఇంకెవరూ ఉండరు. ఆ ఉద్యోగానికి ఉన్న గౌరవం అదొక్కటే.

మా తాత తోక. బతికినన్నాళ్ళూ తోకే. “ఇంట్లోనూ అంతే, కొండ మీదా అంతే” అని తోటి గైడులు ఏడిపించేవారట. తాత కూడా వాళ్ళతో కలిసి నవ్వేవాడట. “వెనకుంటే సుఖంరా. దారి నిదానంగా కనబడుతుంది, తిట్లు దూరంగా వినబడతాయి” అనేవాడట. లోకంలో తోకలందరూ “ఉన్నా” అంటే, ఈయన ఒక్కడు “ఉన్నానే” అనేవాడు, పక్కగదిలోంచి పెళ్ళాం పిలిస్తే పేపరు వెనక నుంచి పలికినట్టు.

పిన్ని ఇంకా బడికెళ్ళే రోజుల్లో, ఒక సాయంత్రం మంచులో అందరూ కిందికి దిగుతున్నారు. అమ్మమ్మ దారంతా పిలుస్తూనే ఉంది. తాత దారంతా పలుకుతూనే ఉన్నాడు. రాతి మలుపు దగ్గర పలికాడు, వాగు దగ్గర పలికాడు, మా ఇంటి దీపం కనబడే చోటా పలికాడు. అమ్మమ్మ గుమ్మం ముందు ఆగి వెనక్కి తిరిగి చూస్తే వచ్చినవాళ్ళందరూ ఉన్నారు. తాత లేడు.

తాతకి ముందు నడిచిన పెద్దమనిషి తెల్లబోయాడు. “ఇప్పుడే కదమ్మా! ఇక్కడే, నా భుజం వెనకే పలికాడు” అని ఒట్టేశాడు.

వెతికారు. తాళ్ళు కట్టుకుని లోయలోకి దిగారు. టోపీ కూడా దొరకలేదు. రాతి మలుపు దగ్గర దారి అంచున కాస్త మట్టి జారి ఉంది, అంతే. జారింది అక్కడైతే వాగు దగ్గర పలికిందెవరు, ఇంటి దీపం దగ్గర పలికిందెవరు అన్న మాట మా ఇంట్లో ఎవరూ పైకి అనరు. అందరూ అనుకుంటారు. అనుకుని, లేచి వెళ్ళి ఏదో ఒక గిన్నె తోముతారు.

అమ్మమ్మ ఇక కొండెక్కదనుకున్నారు. ఎక్కింది. కాకపోతే ఇంకో తోకని పనిలో పెట్టుకోలేదు. వచ్చిన జనంలోంచే ఒకర్ని ఎంచుకునేది. ఆ ఎంపికకి ఆవిడ దగ్గరొక లెక్క ఉంది. బ్యాచిలో అందరికన్నా ఎక్కువ సణిగే మనిషి ఎవరో, వాళ్ళే తోక. “సణిగేవాళ్ళతో బెంగ ఉండదే. పిలవకపోయినా వినబడుతూనే ఉంటారు” అనేది పిన్నితో.

చెప్పాలనుకున్న రోజున తోక ఒక రిటైరైన పళ్ళ డాక్టరు. ఆయనకి టీలో పంచదార తక్కువ, దుప్పటికి దురద ఎక్కువ, మెట్లు ఎత్తు, తలుపు పొట్టి. కొండెక్కాక ఇంకో కొత్త కష్టం వచ్చింది.

“టీవీలో ఇంతకన్నా పెద్దవి చూపించారండీ” అన్నాడు.

“వాళ్ళు దగ్గరికెళ్ళి ఓపిగ్గా తీశారు డాక్టరుగారూ. మీరు దూరంగా నిలబడి తిడుతున్నారు” అంది అమ్మమ్మ.

డాక్టరు గారి భార్య కిసుక్కున నవ్వింది. ఆవిడ కాక, లైబ్రరీలో పనిచేసే అక్కాచెల్లెళ్ళు ఇద్దరున్నారు. అక్క అన్నిటికీ భయపడుతుంది, చెల్లెలు అన్నిటికీ ప్రశ్న వేస్తుంది. అంతే బ్యాచి.

పచ్చిక బయలు మీద ఎండ బాగానే ఉంది. అమ్మమ్మ చొక్కా పరిచింది, చిలకలు వచ్చి కప్పేశాయి, మామూలుగానే అందరూ “అబ్బ” అన్నారు. అంతలో మంచు వచ్చింది. లోయలోంచి చప్పుడు లేకుండా లేచి, ముందు చెట్లని, తర్వాత పొదల్ని, తర్వాత కాళ్ళని మింగేసింది. ఎండ పోతే సీతాకోకచిలుకకి కరెంటు పోయినట్టే. ఒళ్ళు చల్లబడుతుంది, రెక్కలు ముడుచుకుని ఎక్కడిదక్కడ ఆగిపోతుంది. చుట్టూ ఆకుల కింద ఉన్నవన్నీ అలాగే ఆగిపోయాయి. పొద మీద చొక్కా మాత్రం ఊపిరి తీస్తూనే ఉంది.

చెల్లెలు దగ్గరికెళ్ళి చూసింది. “ఏమండీ, చల్లబడితే ఇవి కదలవన్నారు?”

“ఊఁ” అంది అమ్మమ్మ. ఆవిడ ఒక ప్రశ్నకి అంత పొట్టిగా జవాబు చెప్పడం ఎవరూ ఎరగరు. చొక్కా తీసుకోబోయి, చాచిన చెయ్యి వెనక్కి లాక్కుంది. “ఉండనీలే. పదండి, పదండి. డాక్టరుగారూ, మీరు చివర.”

“అన్నిట్లో చివరే నేను. భోజనంలో కూడా” అని సణుగుతూ ఆయన వెనక చేరాడు.

దిగడం మొదలెట్టారు. అమ్మమ్మ ముందు, తర్వాత చెల్లెలు, అక్క, డాక్టరు గారి భార్య, ఆఖర్న డాక్టరు. “తోకా!” అంటే “ఉన్నానండీ, ఇంకెక్కడికి పోతాను!” అని జవాబొస్తోంది. రాతి మలుపు సగం దాటాక అమ్మమ్మ కాలు టక్కున ఆగింది. ముందు దారి లేదు. ముందు రోజుల వానకి మట్టి నాని, పొద్దున వాళ్ళు ఎక్కి వచ్చిన దారే ఇప్పుడు లోయలోకి జారిపోయింది. ఆవిడ బూటు ముందు తెల్లటి మంచు తప్ప ఏమీ లేదు.

వెనక్కి మళ్ళాలి. మళ్ళీ పచ్చిక బయలు మీదికెక్కి, గొర్రెలు తిరిగే చుట్టుదారిన దిగాలి. ఆ ఇరుకులో ఒకరినొకరు దాటడం కుదిరే పని కాదు. ఉన్నవాళ్ళు ఉన్నచోటే వెనక్కి తిరగాలి. అంటే డాక్టరు ముందు, అమ్మమ్మ ఆఖర్న. పుట్టి బుద్ధెరిగాక ఆవిడ వరసలో ఆఖర్న నిలబడింది అదే మొదలు.

“డాక్టరుగారూ, ఇప్పుడు మీరే ముందు. కుడి చెయ్యి రాయి మీంచి తియ్యకండి. కాలు ఎత్తొద్దు, ఈడ్చండి. నేను చెబుతూనే ఉంటా” అంది.

“నేనా? నాకు దారేం తెలుసు?”

“రాయికి తెలుసు. పట్టుకుని నడవండి.”

కదిలారు. అమ్మమ్మ కాళ్ళ కింద మట్టి మెత్తగా ఉంది. అడుగు తీసిన చోటు వెనకాలే గుసగుసమంటూ జారిపోతోంది. ఆవిడ మనసంతా ముందున్న నలుగురి మీద ఉంది. ఏళ్ళ తరబడి అలవాటైన నోరు దాని పని అది చేసుకుపోయింది. “తోకా!” అని కేకేసింది. ఇప్పుడు తోక తానేనన్న సంగతి కేక బయటికొచ్చాక గుర్తొచ్చింది.

“ఉన్నానే.”

వెనక నుంచి. భుజం వెనక నుంచి. దారి జారిపోయిన చోటు నుంచి.

అమ్మమ్మ రాయి పట్టుకుని నిలబడిపోయింది. ఆ గొంతు కొంచెం కూడా ముసలిది కాలేదు. అదే విసుగు, అదే ముద్దు, వాక్యం చివర అదే చిన్న నవ్వు. ఆవిడ జుట్టు నెరిసింది, మోకాళ్ళు అరిగాయి. ఆయన గొంతు మాత్రం ఇప్పటి పిన్ని వయసు దగ్గరే ఆగిపోయింది.

ముందున్న చెల్లెలు మెల్లగా అడిగింది. “ఏమండీ, మీ వెనక ఎవరో వస్తున్నారు. మగాయన. ఆగుదామా?”

ఆగాలి. పద్ధతి ప్రకారం ఆగాల్సిందే. తోక వెనక ఉంటే వదిలేసి పోకూడదు. ఒకసారి వదిలేసి పోయింది. ఇల్లు చేరేదాకా వెనక్కి చూడకుండా పోయింది.

ఈసారి పొరపాటున కాదు, కావాలనే పిలిచింది. గొంతు తగ్గించి, ఇంట్లో పిలిచినట్టు పిలిచింది. “తోకా?”

“ఉన్నానే. ఇక్కడే.”

ఆవిడ చెయ్యి రాయిని వదిలింది. ఒక పాదం వెనక్కి తిరిగింది. మడమ కింద మట్టి పెళ్ళ ఒకటి విడిపోయి పడింది. పడిన చప్పుడు ఎంతసేపు చూసినా రాలేదు. వెనక మంచులో చలి లేదు. చెమట పట్టిన మనిషి దగ్గరగా నిలబడితే తగిలే వెచ్చదనం ఉంది. ఇంకొక్క అడుగు వేస్తే చాలు. ముందున్న నలుగురికి మాట చెప్పేవాళ్ళు ఉండరు, అంతే. రాయి ఎక్కడ తిరుగుతుందో, దారి ఎక్కడ ఇంకా ఇరుకవుతుందో వాళ్ళకి తెలియదు. డాక్టరు పక్కకి ఒక్క అడుగేస్తే ముందువాళ్ళ కొంగో చొక్కానో పట్టుకున్నవాళ్ళందరూ ఆయన వెంట పోతారు.

అప్పుడు ముందు నుంచి ఒక వణుకుతున్న కేక వచ్చింది.

“తోకా!”

డాక్టరు. ముందున్నవాళ్ళు పిలవాలని పొద్దున అమ్మమ్మే చెప్పింది. ఆయన ఇప్పుడు ముందున్నాడు కాబట్టి పిలిచాడు. పిలిచి, జవాబు కోసం ఆగాడు. నలుగురూ రాతిని అంటుకుని ఆగారు. తోక పలికితే గానీ కదలరు.

అమ్మమ్మ వెనక ఎవరో గాలి పీల్చుకున్నారు. పలకబోయే ముందు తాత అలాగే, కాస్త బద్ధకంగా గాలి పీల్చుకునేవాడు. ఆ చప్పుడు ఆవిడకి తన ఊపిరికన్నా బాగా తెలుసు. ఆ పిలుపుకి ఆయన పలికితే ఆయనే తోక. ఆయన తోకైతే ఆయన్ని వదిలి ఆవిడ కదలలేదు.

“ఉన్నా!” అని అరిచింది అమ్మమ్మ. రాయి అదిరేలా అరిచింది. ఆయన నోట్లోంచి మాట లాక్కున్నట్టు అరిచింది. “నేనున్నా! తోక నేనే! నా వెనక ఎవరూ లేరు! నడవండి!”

వెనక పీల్చుకున్న గాలి అలాగే ఉండిపోయింది. బయటికి రాలేదు.

ఆ తర్వాత డాక్టరు పిలిచినప్పుడల్లా ఆవిడ సందు ఇవ్వలేదు. పిలుపు పూర్తి కాకముందే “ఉన్నా” అనేది. ముందు నడిచే చెల్లెలికి మాత్రం ఆ “ఉన్నా”లు రానురాను తడిగా వినబడ్డాయట. పచ్చిక బయలు మీదికొచ్చాక చూస్తే పొద మీద చొక్కా కదలడం లేదు. రెక్కలన్నీ ముడుచుకుని, గుడ్డంతా ఎండుటాకులు అతికించినట్టుంది. అమ్మమ్మ దాన్ని చూసి, చూడనట్టు దాటిపోయింది.

అక్కడ దారి వెడల్పే. మళ్ళీ ముందుకి రావచ్చు. “రండి తల్లీ, ఇక మీరు నడిపించండి” అని డాక్టరు పక్కకి జరిగాడు.

“మీరు బాగానే నడుస్తున్నారు. పోనివ్వండి” అంది ఆవిడ. చుట్టుదారి పొడుగునా ఆఖర్నే నడిచింది. ఆ దారిలో డాక్టరు దేనికీ సణగలేదు. ఆయన భార్య ఆ మంచుకన్నా దానికే ఎక్కువ బెదిరిపోయింది.

ఇంటి ముందు పిన్ని నిలబడి ఉంది. మంచులోంచి మొదట డాక్టరు బయటపడ్డాడు. పిన్ని ముఖంలో నెత్తురు లేదు.

“అమ్మేదీ? మా అమ్మేదండీ?”

“వెనక” అన్నాడాయన.

మా ఇంట్లో ఆ మాటకున్న అర్థం ఆయనకేం తెలుసు. పిన్ని గుమ్మం పట్టుకుంది. డాక్టరు భార్య వచ్చింది. అక్క వచ్చింది. చెల్లెలు వచ్చింది. తర్వాత కాసేపు మంచు ఒక్కటే వచ్చింది. ఆఖర్న అమ్మమ్మ, బూట్ల నిండా మట్టితో, చేతుల మీద రాతి గీతలతో వచ్చింది.

పిన్ని ఏడుస్తూనే కసిరింది. “వెనకెందుకు నడిచావే? ఎప్పుడైనా నడిచావా? ఏమైంది?”

“ఏమవుతుంది? మీ నాన్నని డ్యూటీ దింపేశాను” అని లోపలికి పోయి, రెండు గ్లాసుల నీళ్ళు తాగి, బూట్లు విప్పుకుంది.

ఇప్పుడు కొండకి పిన్ని ముందు నడుస్తుంది. రాతి మలుపు వైపు పోరు, చుట్టుదారే. అమ్మమ్మ తోక. వరసలో ఆఖర్న ఆవిడని చూస్తే, ఏ క్యూలోనో తప్పిపోయి నిలబడ్డ మహారాణిలా ఉంటుంది. మధ్యవాళ్ళు నెమ్మదిగా నడిస్తే వాళ్ళ మడమలు తొక్కుతుంది. అలవాటు అంత తేలిగ్గా పోదు కదా.

మంచు దిగితే పిన్ని పిలుస్తుంది. “తోకా!”

అమ్మమ్మ వెంటనే పలకదు. ఒక గుక్క ఆగుతుంది. ముసలావిడకి చెవుడనుకుని మధ్యవాళ్ళు వెనక్కి తిరిగి “మామ్మగారూ, మిమ్మల్నే” అంటారు. ముందు పిన్ని కూడా ఆ గుక్కసేపు కాలు కదపకుండా నిలబడుతుంది. అప్పుడు అమ్మమ్మ “ఉన్నా” అంటుంది.

ఒకరోజు టీ తాగుతూ పిన్ని అడిగేసింది. “అలా ఆగుతావే, ఏమైనా వినబడుతుందా అమ్మా?”

అమ్మమ్మ గ్లాసులోకి ఊదుకుంది. “వినబడితే నేనెందుకు పలుకుతానే” అంది.